తడి ఇసక దారి

సంగంలో పుట్టినవాడికి తడినేల అంటే భయం పుట్టుకతోనే వస్తుంది. పంటకాలువ పక్కన పొలం ఉన్నవాడెవడైనా ఏదో ఒకరోజు బండిని బురదలోకి దించి, ఇరుసుదాకా కూరుకుపోయిన చక్రాన్ని చూస్తూ గట్టు మీద నిలబడి ఉంటాడు. దాన్ని పైకి తేవడానికి రెండు జతల ఎద్దులు, ఆరుగురు మనుషులు, ఊళ్ళో ఉన్న తిట్లన్నీ కావాలి. ఆ పాఠం నేను మా అన్న ఓబులేసు చేతిదెబ్బతో చిన్నప్పుడే నేర్చుకున్నాను. అందువల్ల పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం ఎండాకాలంలో నెల్లూరులోని ఒక మిషనాసుపత్రి వాళ్ళు తమ పాత మిలిటరీ జీపును నా చేతికిచ్చే నాటికి నాకు తెలిసిన నియమం ఒక్కటే. తడి కనిపిస్తే బండి పక్కకు తిప్పాలి, పొడినేల చూసుకోవాలి. సముద్రం ఒడ్డున ఆ నియమం నన్ను ఎంత నవ్వులపాలు చేసిందో, చివరికి దాన్ని వదలడం ఎంత మేలు చేసిందో చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

నా పేరు హజరత్తయ్య. అమ్మా నాయనా పోయాక నన్ను అన్నే పెంచాడు. మా ఊరి మోతుబరి ట్రాక్టరు మీద బండి తోలడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, సేద్యం వదిలి డ్రైవరునవుతానన్నప్పుడు అన్న కాదనలేదు, అవుననలేదు. ఆసుపత్రి డాక్టరు గారేమో ఈ ఎండాకాలమంతా టెంపరరీ అన్నారు. విడవలూరుకు తూర్పున సముద్రం ఒడ్డు జాలరి పాలేలకు మశూచి టీకాల కోసం బండి తోలాలి, ఆ పని సవ్యంగా జరిగితే పర్మనెంటు చేసి ఆసుపత్రి ఆవరణలోనే ఒక గది ఇస్తామన్నారు. ఆ తీరం దారులు నీకు తెలుసా అని అడిగారు. అరచేతిలో గీతల్లాగా తెలుసండీ అన్నాను. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారి, మా తాత అస్థికలు కలిపిన రోజున, అదీ ఏడుస్తూ.

అబద్ధం ఎందుకాడానంటే ఆ గది కోసం. మా ఇంట్లో గదులు రెండు. ఒకటి అన్నదీ వదినదీ. రెండోదాంట్లో ధాన్యం బస్తాలు, అన్న ముగ్గురు కూతుళ్ళు, వాళ్ళ పక్కన నా భార్య మాలకొండమ్మ. నేను వీధి అరుగు మీద. పెళ్ళయి రెండేళ్ళయినా పగటిపూట నేను నా భార్యతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీళ్ళు, చాలు, అన్న పిలుస్తున్నాడా. ఇంతకు మించి పెద్దవాళ్ళ ముందు మాట్లాడితే పెళ్ళాం కొంగు పట్టుకున్నాడంటారు. వదిన చెడ్డమనిషి కాదు, ఇల్లు ఇరుకు. నాకు ఒక తలుపు, దానికి లోపలి వైపు ఒక గడియ కావాలనిపించేది.

అన్న మాత్రం ఒక గడువు పెట్టాడు. "తొలకరి పడేలోపల పర్మనెంటు అయితే పో, నేను అడ్డం రాను. కాకపోతే వచ్చి మడక పట్టుకో. రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాణ్ణి నేను సాకలేను," అన్నాడు. న్యాయమైన మాటే. ఆయనకూ మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, దున్నడానికి మనిషి కావాలి.

టీకాలు వేసే నర్సమ్మ నవోమి గారు. యాభై ఏళ్ళుంటాయి, తెల్లచీర, కళ్ళద్దాలు, మాట తూచి మాట్లాడే మనిషి. పరాయి మగవాడితో వారాల తరబడి గుడారాల్లో తిరగడం కుదరదని ఆమె డాక్టరు గారితో ఖరాకండిగా చెప్పేసింది. తర్వాత నన్ను పిలిచి పెళ్ళయిందా అని అడిగింది. అయిందన్నాను. అయితే ఆ అమ్మాయిని తీసుకురా, వంట చేస్తుంది, నాకు తోడుంటుంది అంది. ఈ వార్త ఇంట్లో చెబితే వదిన మూతి ముడిచింది. కోతలయిపోయాయి గదా, పెద్దామె అడిగినప్పుడు పంపాల్సిందే అని అన్న తేల్చేశాడు. ఆ ఒక్క ముక్కకు నేను నవోమి గారికీ అన్నకూ జన్మంతా రుణపడి ఉన్నాను.

చైత్రం చివర్లో ఒక తెల్లవారుజామున మొదటిసారి బయలుదేరాం. ఐసు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మంచుగడ్డను ఊకలో పొదిగి చెక్కపెట్టెలో పెట్టారు. దాని మధ్యలో టీకామందు. మంచు కరిగితే మందు చెడిపోతుంది, మందు చెడితే మనం పోయి ప్రయోజనం లేదని నవోమి గారు నాకు మూడుసార్లు చెప్పింది. బండి కదిలే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో బండి కంటే డ్రైవరు గురించి ఎక్కువసేపు అడిగినట్టు నాకనిపించింది.

మాలకొండమ్మ వెనక సీట్లో గిన్నెల మూట, గుడారం గుడ్డల మధ్య కూచుంది. మోటారుబండి ఎక్కడం అదే మొదలు. పెన్న వంతెన దాటేటప్పుడు కొంగు గాలికి లేచిపోతుంటే రెండు చేతులా పట్టుకుంది. విడవలూరు దాకా కంకరరోడ్డు. తర్వాత మట్టిరోడ్డు. బండిజాడలు మూరెడు లోతున, రెండు వైపులా తాటిచెట్లు, వెనక లేచే దుమ్ములో వచ్చిన దారి కనపడదు. మట్టిరోడ్డు మీద నేను రాజును. జాడల్లో చక్రం పడకుండా గట్టు మీదో చక్రం, నడిమి దిబ్బ మీదో చక్రం వేసి తోలుతుంటే నర్సమ్మ కూడా కొంచెం నెమ్మదించింది. అప్పుడు మాలకొండమ్మ వెనకనుంచి నన్ను మొట్టమొదటి ప్రశ్న అడిగింది.

"ఏమయ్యా, ఇది ఎనక్కి కూడా పోతాదా?"

ఎందుకు పోదు అని బండి ఆపి, ఇరవై గజాలు వెనక్కి పోనిచ్చి చూపించాను. ఆమె పెద్దగా నవ్వింది. నా భార్య నవ్వు అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నవోమి గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, మనం పోవాల్సింది ముందుకు అని గుర్తుచేసింది.

పెద్దకాలువ మీద చెక్కవంతెన దాటి, సరుగుడు తోపుల మధ్య నుంచి బయటపడితే ఎదురుగా సముద్రం. మాలకొండమ్మ సీట్లోంచి లేచి నిలబడి చూసింది. ఇన్ని నీళ్ళుండి పొలానికి ఒక్క చుక్క పనికిరావు గదా అని బాధపడింది. సేద్యగాళ్ళ ఇంటి పిల్ల మరి.

అక్కడినుంచి రోడ్డు లేదు. ఒడ్డు వెంట ఉత్తరంగా పోవాలి. అలలు వచ్చిపోయే అంచున నల్లగా తడిసిన ఇసక, దానికి పైన ఎండకు తెల్లగా ఎండిన ఇసక. సంగం వాణ్ణి కదా, తడిని చూడగానే ఒళ్ళు జలదరించింది. పొడి ఇసక మీదికి తోలాను. పట్టుమని వంద గజాలు పోకముందే వెనక చక్రాలు గిర్రున తిరిగి గుంత తవ్వుకున్నాయి. ఎంత తొక్కితే అంత లోతు. దగ్గరలో వల లాగుతున్న జాలరులు లాగడం ఆపి వచ్చి, నలుగురూ భుజాలిచ్చి బయటికి నెట్టారు. నెట్టి, వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుని నవ్వుకున్నారు. నన్నే అనుకుని ముఖం ముడుచుకున్నాను. నవోమి గారికి ఇంజను వేడెక్కిందని చెప్పాను. ఆ విధంగా పడుతూ లేస్తూ ఆ వారం దగ్గరున్న రెండు పాలేలు పూర్తిచేశాం.

సాయంత్రాలు సరుగుడు తోపు అంచున గుడారం వేసేవాళ్ళం. లోపల ఆడవాళ్ళిద్దరూ, బయట జీపు సీట్లో కాళ్ళు చాపుకుని నేను. పొద్దు పొడవకముందే మాలకొండమ్మ లేచి మూడు రాళ్ళ పొయ్యి పెట్టేది. సముద్రపు గాలికి మంట నిలవదు. నేను జీపును పొయ్యికి అడ్డంగా తెచ్చి పెట్టేవాణ్ణి. ఇద్దరం ఆ చాటున కూచుని, ఆమె గంజి కాస్తూ, నేను సరుగుడు పుల్లలు విరిచి అందిస్తూ మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మూడో క్లాసు దాకా చదివిందని, ఈత వచ్చని, మనుషులను అనుకరించడంలో దిట్ట అని అక్కడే తెలిసింది. మా వదిన ధాన్యం కొలిచేటప్పుడు గొణిగే గొణుగుడు ఆమె చేసి చూపిస్తే నాకు పొలమారింది. అయినవాళ్ళంతా కలిసి నాకు పెళ్ళి చేశారు గానీ, నాకు భార్యను ఇచ్చింది ఆ ఇసకదిబ్బలే. ఆ మాట అనుకున్నప్పుడల్లా ఇప్పటికీ గుండె నిండుతుంది.

రెండోసారి పోయినప్పుడు నాలుగు చోట్ల దిగబడ్డాం. పార తీసుకుని తవ్వడం, సరుగుడు మండలు చక్రాల కింద వేయడం, నెట్టడం, మళ్ళీ తవ్వడం. మూడో పాలెం చేరేసరికి పొద్దు వాలింది. పెట్టె తెరిస్తే తడిసిన ఊక, గోరువెచ్చని నీళ్ళు. పిల్లలకు తలంటి, ఉతికిన గుడ్డలు వేసి, డెబ్బై మంది కొట్టం నీడన పొద్దున్నుంచీ కూచుని ఉన్నారు. ఇలాంటి పని తలపెట్టినప్పుడు వాళ్ళను ఒప్పించడం ఎంత కష్టమో నవోమి గారికే తెలుసు. వాళ్ళ దగ్గరికి పోయి చేతులు జోడించి, ఈ రోజు మందు చెడిపోయింది, మళ్ళీ వస్తాం అని చెప్పింది. తల్లులు పిల్లలను లేపుకుని ఇళ్ళకు కదిలారు. ఒక ముసలామె మాత్రం, మళ్ళీ వచ్చేదాకా అమ్మవారు ఆగుతుందా అని అడిగింది. వాళ్ళకు ఉత్తరాన ఉన్న చివరి పాలెంలో అప్పటికే ఇద్దరు పిల్లలకు మశూచి పోసింది.

తిరిగి వచ్చేటప్పుడు నవోమి గారు నాతో కోపంగా మాట్లాడలేదు. కోప్పడితే బాగుండేది. "హజరత్తయ్యా, ఈ తీరం నీకు తెలుసునో తెలియదో నాకు తెలియదు. చివరి పాలేనికి ఇంకొక్కసారే పోతాం. అప్పుడేం జరిగితే అది రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తాను. నేను అబద్ధం రాయను, నువ్వు అడగొద్దు," అంది.

ఆ వారం మాలకొండమ్మ నాకు రెండుసార్లు మెల్లగా చెప్పింది, ఆ ఒడ్డున ఉండేవాళ్ళను ఎవరినైనా దారి అడగమని. డ్రైవరు నేనా వాళ్ళా అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడి లెక్కలో నేనూ ఒకణ్ణి. అదీ కాక, దారి అడిగితే దారి తెలియదని ఒప్పుకున్నట్టే. నర్సమ్మ పక్కనే కూచుని ఉంటుంది. గది పోతుంది.

మూడోసారి వైశాఖం. నిప్పులు చెరిగే ఎండ. మధ్యాహ్నానికి ముందే, చివరి పాలెం ఇంకా మూడు మైళ్ళుందనగా, జీపు ముందు చక్రాలూ వెనక చక్రాలూ కలిసి కూరుకుపోయాయి. రేడియేటరు పొగలు కక్కింది. చుట్టుపక్కల వల లాగేవాళ్ళు కూడా లేరు. మంచుపెట్టె కింద చెక్కల సందుల్లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నేను దిగి, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, టైరును కాలితో తన్నాను. కాలు నొప్పి పుట్టింది, టైరు అలాగే ఉంది.

అప్పుడు ఒక జాలరామె వస్తూ కనిపించింది. నలభై ఏళ్ళుంటాయి. చీర మోకాళ్ళ పైకి దోపి, ఖాళీ చేపలగంప చంకన పెట్టుకుని, అలల అంచునే వడివడిగా నడుస్తోంది. నేను చూడనట్టు బానెట్టులోకి తల దూర్చాను. తల ఎత్తేసరికి మాలకొండమ్మ ఆమెకు అడ్డం పోయి మాట్లాడుతోంది. ఒళ్ళు మండిపోయింది. పిలిచి కసురుకుందామంటే నర్సమ్మ సీట్లో కూచుని ఇద్దరినీ చూస్తోంది.

ఆమె పేరు చెంచులక్ష్మి. మేం పోవాల్సిన పాలెం ఆమెదే. రోజూ తలమీద గంపతో ఆరు మైళ్ళు పోయి, ఆరు మైళ్ళు వచ్చే మనిషి. దగ్గరికి వచ్చి మా జీపును, నేను తవ్విన గుంతను చూసి, నవ్వు ఆపుకుంటూ అంది.

"పొడి ఇసక మనిషిని కూడా మింగుతాదయ్యా. నీళ్ళు తాగిన ఇసక రాయి మాదిరి ఉంటాది. మేం బరువెత్తుకుని ఆ తడి మీదనే గదా నడిచేది. బుడగలు లేచే చోటు మాత్రం నమ్మొద్దు. సముద్రం ఇప్పుడు పాటు మీద ఉండాది, నీళ్ళు ఎనక్కి పోయినాయి. పోటొచ్చేలోపల పోండి."

పిల్లకు పాలివ్వాలి, నేను ఆగలేను అని ఆమె వెళ్ళిపోయింది. నేను మాలకొండమ్మ వైపు తిరిగి, తడిలోకి బండి దించడానికి నాకేం పిచ్చా అన్నాను. పొడి ఇసకలో దిగబడితే తవ్వుకోవచ్చు, అక్కడ దిగబడితే సాయంత్రానికి జీపు సముద్రంలో ఉంటుంది. ఆమె నాతో వాదించలేదు. నడిచి తడి ఇసక మీదికి పోయి, మడమతో గట్టిగా నాలుగుసార్లు తొక్కింది. మడమ దిగలేదు. వెనక్కి వచ్చి నిలబడింది.

నాకు తెలుసు ఆమె చెప్పింది నిజమని. అయినా బండెక్కలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నమ్మినదాన్ని ఒక్క క్షణంలో వదిలెయ్యడం అంత తేలిక కాదు. అప్పుడు నేనన్న మాట మగవాడు గొప్పగా చెప్పుకోదగింది కాదు గానీ, అన్నాను.

"అయితే నువ్వు ముందు నడువు. నువ్వు నడిచిన చోటే నేను తోలుతాను."

మా వైపు భార్య భర్తకు నాలుగడుగులు వెనక నడవాలి. సంతకు పోయినా, తిరునాళ్ళకు పోయినా అంతే. ముందు నడిచే ఆడదాని మీద ఊళ్ళో సామెతలు కూడా ఉన్నాయి. మాలకొండమ్మ నా ముఖం ఒకసారి చూసి, కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, సరే పద అంది.

గుడారం గుడ్డ విప్పి చక్రాల ముందు పరిచాం. నవోమి గారు కూడా దిగి వెనకనుంచి నెట్టింది. గుడ్డ మీదుగా, మండల మీదుగా జీపు గుంతలోంచి లేచి కిందికి జారింది. ముందు చక్రాలకు తడి తగిలింది. చక్రాలు దిగబడలేదు. సిమెంటు గచ్చు మీదికి ఎక్కినట్టు బండి ఒక్కసారిగా తేలికైంది. నేను ఇన్ని రోజులూ దేన్ని చూసి పారిపోయానో దాని మీదే చక్రాలు హాయిగా తిరుగుతున్నాయి.

మాలకొండమ్మ ముందు నడిచింది. నేను ఫస్టు గేరులో, ఆమె అడుగుల మీద చక్రం పెట్టి, వెనకాల పోనిచ్చాను. మెత్తగా తగిలితే ఆమె ఎడమచెయ్యి ఎత్తేది, నేను పైకి తిప్పేవాణ్ణి. ఒకచోట ఉప్పునీటి వాగు సముద్రంలో కలిసే మొగ అడ్డం వచ్చింది. మాలకొండమ్మ మోకాలి లోతు పోయి చూసి వెనక్కి వచ్చింది. పైకి కొంతదూరం నడిచి, నీళ్ళు చాప పరిచినట్టు వెడల్పుగా పారే చోటు వెతికి, ఇక్కడ రమ్మంది. వెడల్పుగా పారే చోట లోతుండదు, మన కాలువల్లో చూడలేదా అని తర్వాత నాకు చెప్పింది. సంగం చదువు ఇద్దరిదీ ఒకటే. నేను దాన్నుంచి భయం నేర్చుకున్నాను, ఆమె ఉపాయం నేర్చుకుంది.

మూడు మైళ్ళు అలాగే పోయాం. దారిలో నవోమి గారు ఒక్కటే మాట అడిగింది, ఆ అమ్మాయి పూర్తి పేరేంటని. చెప్పాను. నోటుబుక్కులో రాసుకుంది.

పాలెం చేరి పెట్టె తెరిస్తే పిడికెడు మంచు మిగిలి ఉంది. మందు చల్లగా ఉంది. చెంచులక్ష్మి చంకన పిల్లతో వచ్చి, అందరికంటే ముందు తన చెయ్యి చాపింది, తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు కదిలారు. చీకటి పడేలోపల నూటా నలభై మందికి టీకాలు వేసింది నవోమి గారు. ఆ పాలెంలో అప్పటికే పడకేసిన ఇద్దరు పిల్లలూ బతికారు, మరొకరికి సోకలేదని నెల తర్వాత కబురు వచ్చింది. మూడు రోజులకే కొత్త మంచుతో మళ్ళీ వచ్చి మూడో పాలెంలో ఆ డెబ్బై మందికీ వేశాం. ముసలామె నాకు రెండు తాటిముంజలు ఇచ్చింది. సిగ్గుతో తీసుకున్నాను.

చివరి పాలెంలో ఉన్న ఆ సాయంత్రం వాళ్ళు మాకు చేపల పులుసు పెట్టారు. మాలకొండమ్మ ఒడ్డున కూచుని, కాళ్ళు నీళ్ళకు చాపి ఒత్తుకుంటోంది. పక్కన కూచున్నాను. ఏదో ఒక మంచిమాట చెప్పాలనిపించింది, మా ఇళ్ళల్లో అలాంటి మాటలు అలవాటు లేదు. చివరికి, నడిచేటప్పుడు నువ్వొక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదేం అని అడిగాను.

"ఎందుకు చూడాల? నువ్వు ఆగితే ఇంజను మోత ఆగుతాది గదా," అంది.

నేను ఆమె పాదం నా ఒళ్ళోకి తీసుకుని ఒత్తాను. అవతల వలలు ఆరేస్తున్నవాళ్ళు చూస్తున్నారని ఆమె కాలు లాక్కోబోయింది. నేను వదల్లేదు.

నెల్లూరు వచ్చాక డాక్టరు గారు నన్ను పిలిచారు. బల్ల మీద నవోమి గారి రిపోర్టు. ఆయన దాని మీద చెయ్యి పెట్టి, క్యాంపు బాగా జరిగింది, ఆ తీరం నీకు నిజంగానే బాగా తెలుసన్నమాట అన్నారు. అవునండీ అంటే సరిపోయేది. పర్మనెంటు, గది, అన్నీ ఆ ఒక్క మాట అవతల ఉన్నాయి. నోరు తెరిచేసరికి ఇంకో మాట వచ్చింది. తెలియదండీ, ఆ రోజు అబద్ధం చెప్పాను, మా ఇంటామె అడిగి తెలుసుకుని ముందు నడిస్తే వెనక తోలాను అన్నాను. ఆయన చెయ్యి తీసి రిపోర్టు నా వైపు తిప్పారు. కూడబలుక్కుంటూ చదివాను. మాలకొండమ్మ, డ్రైవరు భార్య, మూడు మైళ్ళు కాలినడకన బండికి దారి చూపింది అని అందులో అప్పటికే రాసి ఉంది. అబద్ధం చెప్పినందుకు ఇంకో ఆరునెలలు టెంపరరీగానే ఉంటావు, నిజం చెప్పినందుకు గది ఇప్పుడే తీసుకో అన్నారు డాక్టరు గారు. ఇంతకంటే సరైన తీర్పు నా జీవితంలో నేను వినలేదు.

అయితే అన్న పెట్టిన గడువు గది గురించి కాదు, పర్మనెంటు గురించి. పన్నెండు రోజుల తర్వాత, తూర్పున మబ్బులు పడుతుండగా, ఇద్దరం సంగం చేరాం. మాలకొండమ్మ పెరటిదారిన వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం భోజనాలకు అన్న, నేను ఆకుల ముందు కూచున్నాం. మా ఇంట్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు తినాలి, పైగా మరదలు బావగారి ఎదుట పడకూడదు. వదిన వడ్డిస్తోంది, మాలకొండమ్మ వంటింటి తలుపు చాటున నిలబడి ఉంది. ముద్ద కలపకముందే అన్న అడిగాడు.

"పర్మనెంటు అయిందా?"

"కాలేదన్నా."

"ఏమి?"

జరిగిందంతా చెప్పాను. దారి తెలుసని అబద్ధం చెప్పడం, తడికి భయపడి పొడి ఇసకలో దిగబడడం, డెబ్బై మందిని ఉత్తచేతులతో పంపడం, ఏదీ దాచలేదు. ఒకచోట మాత్రం ఆగాను. పెద్దవాళ్ళ ముందు భార్య పేరు నోటితో పలకడం మా ఇంట్లో లేదు. మంచినీళ్ళు తాగి చెప్పాను.

"మాలకొండమ్మ ముందు నడిచింది, అన్నా. నేను ఆమె వెనక పోయినాను. లేకుంటే ఆ బండి ఆడనే ఉండేది."

వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్న ఆకులో అన్నం అటూ ఇటూ జరిపాడు. నన్ను ఎగతాళి చేస్తాడనుకున్నాను, మడక చూపిస్తాడనుకున్నాను. ఆయనా తడినేలలో బండ్లు పోగొట్టుకున్నవాడే, ఆ తడి మీద జీపు ఎలా నడిచిందో ఊహించుకుంటున్నాడేమో తెలియదు.

"గది ఎన్నడిస్తారంట?" అని అడిగాడు చివరికి.

ఇప్పటికే ఇచ్చారు, పోవడమే ఆలస్యమన్నాను. తలాడించాడు. ఈ ఏడాది దున్నడానికి కూలి మనిషిని పెట్టుకుంటాలే, సామానుకు పొద్దున బండి కడతాను అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఆకు కనపడలేదు. ఆయన మాత్రం వంటింటి వైపు చూడకుండా, వదినతో మామూలుగా అన్నాడు.

"ఆ అమ్మాయికి కూడా ఇప్పుడే ఆకు వెయ్యి. అంత దూరం నడిచొచ్చింది గదా, ఆకలై ఉంటాది."

ఆమె నడిచి అప్పటికి పక్షం రోజులు దాటింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. వదిన నా పక్కన మూడో ఆకు పరిచి నీళ్ళు చల్లింది.